పని పోయినవాని పౌరుషము

పంట పోయిన రైతు రచ్చబండకు వచ్చి నలుగురిలో కూర్చుండును. పని పోయిన ఉద్యోగి తలుపు మూసికొని ఇంటిలో కూర్చుండును. 2021-22లో నల్లతామర పురుగు మిరపతోటల పూతను పీల్చివేసినప్పుడు పల్నాటి రైతు ఎవ్వడును ముఖము దాచుకొనలేదు. ఈ యేడు మిరప పోయినదని సంతలో చెప్పెను, బ్యాంకులో చెప్పెను, వియ్యంకునితో చెప్పెను. విన్నవారు పురుగును తిట్టిరి, కాలమును తిట్టిరి, మరుసటి యేటి విత్తనమునకు దారి వెదకిరి. రైతును చేతకానివాడని మాత్రము అనలేదు. అదే వీథిలో కంపెనీ కొలువు పోయిన యువకుడు, ఎప్పటివలెనే ఉదయమున చొక్కా తొడిగికొని, సంచి తగిలించుకొని, బస్సు స్టాండులో ప్రొద్దుపుచ్చి, దీపాలవేళకు ఇల్లు చేరును. ఇట్టివారు మన పట్టణములలో కలరు. వారి రహస్యము కొన్నాళ్లవరకు ఆలుబిడ్డలకును తెలియదు.

ఈ భేదమునకు కారణమేమి? పురుగు పట్టుట రైతు తప్పు కాదని ఊరికి తెలియును. కొలువు పోవుట కొలువు చేసినవాని తప్పు కాదని ఊరికి ఇంకను తెలియలేదు. ఊరికి తెలియకపోవుటచే వానికిని తెలియలేదు. ఈ యొక్క యెరుక కలుగనంతవరకు ఎంతటి ధైర్యవచనమైనను వాని చెవిదాటి హృదయమును చేరదని మా యభిప్రాయము.

పని పోయినవారు మన నడుమ కొద్దిమంది కారు. 2020లో కరోనా వ్యాధిచే బడులు మూతపడగా, ప్రయివేటు పాఠశాలల ఉపాధ్యాయులు ఉభయ తెలుగు రాష్ట్రములందును జీతములు లేక, కొందరు కూరగాయల బండ్లు త్రోసిరి, కొందరు ఉపాధి హామీ పనులలో గడ్డపార పట్టిరి. 2019లో నియమింపబడి, నెలకు 5,000 రూపాయల గౌరవవేతనముపై ఇంటింటికి పింఛను చేర్చుచుండిన గ్రామ వాలంటీర్లకు, 2024 జూలైలో ఆ పంపిణీ సచివాలయోద్యోగుల చేతికి పోవుటతో, చేయుటకు పనియే లేకపోయినది. 2023 జనవరిలో గూగుల్ కంపెనీ సుమారు 12,000 మందిని తొలగింతుమని ప్రకటించినది. 2025 జూలైలో టాటా కన్సల్టెన్సీ సంస్థ తన సిబ్బందిలో నూటికి ఇద్దరిని, అనగా రమారమి 12,000 మందిని, తగ్గింతుమని చెప్పినది. పత్రికలో ఇవి అంకెలు. నరసరావుపేటలోను మాచర్లలోను ఇవి మనుష్యులు; బిడ్డను హైదరాబాదుకో, బెంగుళూరుకో, అమెరికాకో పంపిన యిల్లు లేని వీథి ఇచ్చట అరుదు. అమెరికాలో హెచ్-1బి అనుమతిపై నున్నవానికి కొలువు పోయిన పిమ్మట సాధారణముగా 60 దినముల గడువే కలదు. ఆ 60 దినములును ఇచ్చటి తల్లిదండ్రులకు కంటికి నిద్ర రాదు. అయినను పొరుగువారడిగినచో మావాడు బాగున్నాడనియే చెప్పుదురు. నిజము పొక్కిన పెండ్లి సంబంధము చెడునేమో యని వారి భయము.

కొలువు పోవుట యోగ్యతపై తీర్పు కాదనుటకు దూరదేశముల సాక్ష్యము మనకక్కరలేదు. దాచేపల్లి యొద్దనున్న ఆంధ్రా సిమెంట్స్ వారి దుర్గా సిమెంటు కర్మాగారమును చూడుడు. పల్నాటి సున్నపురాయి తరిగిపోలేదు. ఇండ్లు కట్టువారు కరవు కాలేదు. బట్టీ యొద్ద నిలిచినవాని చేతినేర్పు ఒక రాత్రిలో మాసిపోలేదు. అయినను అప్పుల బరువున సంస్థ క్రుంగి, ఉత్పత్తి నిలిచి, 2022 ఏప్రిలులో వ్యవహారము దివాలా విచారణకు పోయినది. 2023 ఫిబ్రవరిలో కంపెనీ లా ట్రిబ్యునల్ అనుమతితో సాగర్ సిమెంట్స్ వారి చేతికి వచ్చి, ఆ యేడే మరల పని మొదలయినది. అదే రాయి, అదే బట్టీ; నడుమ చెడినది లెక్కల పుస్తకము. ఆ పుస్తకమును వ్రాసినవాడు కార్మికుడు కాడు. దాని సిగ్గును కార్మికుడేల మోయవలెను?

ఐతే ఇందు మరియొక పాఠము కూడ కలదు. బట్టీ చల్లారి ఏండ్ల తరబడి వేచియుండగలదు. పొయ్యి రెండు పూటలు వేచియుండలేదు. కర్మాగారము తిరిగి తెరచినారను సంతోషవార్త వినునాటికి ఎన్ని కుటుంబములు అప్పులపాలయ్యెనో, ఎందరు పిల్లల చదువు ఆగెనో విచారించిన వారెవరు? కావున మూతపడినది మరల తెరతురను ఆశనొక్కదానినే నమ్ముకొని కూర్చుండుమని మేము ఎవ్వరికిని చెప్పజాలము.

మన రాష్ట్రచరిత్రయే ఇందుకు తార్కాణము. 1983 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉద్యోగ విరమణ వయస్సును 58 ఏండ్ల నుండి 55 ఏండ్లకు తగ్గింపగా, ఆ నెలాఖరునకే వేలకొలది ఉద్యోగులు, బిడ్డల పెండ్లిండ్లును ఇంటి అప్పులును తీరకమునుపే, ఇంటిదారి పట్టవలసివచ్చినది. మరుసటి యేడు ఆ వయస్సు మరల 58 అయినది. అదే 1984వ సంవత్సరము జనవరిలో కరణము, మునసబు మున్నగు గ్రామాధికారుల పదవులను ప్రభుత్వమొక ఆర్డినెన్సుచే రద్దుచేసినది. వారును న్యాయస్థానమునకు పోయిరి. కాని 1985లో సుప్రీముకోర్టు ఆ రద్దును సమర్థించినది. ఆ పదవులు మరల రాలేదు. ఆ రద్దు మంచిదా, చెడ్డదా యను చర్చ ఇచ్చట మాకక్కరలేదు. ఒక కుర్చీ తిరిగివచ్చినది, ఒక కుర్చీ తిరిగిరాలేదు. రెంటి యెదుటను కూర్చుండి ఎదురుచూచినవారి వేదన యొక్కటియే. కావున ఆశను కుర్చీకి ముడివేయరాదు. చేతిలోని విద్యకును, కూడియుండు మనుష్యులకును ముడివేయవలెను. కరణీకమును రద్దుచేయ వచ్చును గాని, లెక్క వ్రాయుట, పొలము కొలుచుట, దస్తావేజు చదువుట ఎరిగినవాని యెరుకను రద్దుచేయు ఆర్డినెన్సు ఇంతవరకు పుట్టలేదు.

పల్నాటివారికి పౌరుషము మెండని లోకము చెప్పును. ఆ పేరు మనకు ప్రియమైనదే. కాని పౌరుషమునకు రెండు ముఖములు కలవు. బ్రహ్మనాయుడు కోడిపోరున ఓడి, పందెపు మాటకు కట్టుబడి, మలిదేవాదులతో మాచర్లను విడిచి ఏడేండ్లు వలసపోయెనని వీరగాథ చెప్పుచున్నది. అతడు పట్టపగలు, పదిమంది చూచుచుండగా, తనవారినందరను వెంటబెట్టుకొని పోయెను. అధికారము పోయినందున అతని గొప్ప తగ్గెనని ఏ పల్నాటి ముదుసలియు ఇంతవరకు చెప్పలేదు. పౌరుషపు మొదటి ముఖమిది. రెండవ ముఖము కారెంపూడి కదనరంగమున కనబడినది. పట్టుదలలు పెరిగి, రాయబారములు విఫలములై, అన్నదమ్ముల యిండ్లు రెండును నశించినవి. పని పోయినదని చెప్పుటకు నామోషీపడి, ఉన్నట్లు నటించుటకై నూటికి మూడు నాలుగు రూపాయల నెలవడ్డీకి అప్పు తెచ్చి, అదే హంగుతో పెండ్లికి కట్నము చదివించువాడు ఈ రెండవ పౌరుషమును నమ్మినవాడు. నా కొలువు పోయినది, మరియొకటి వెదకుచున్నాను, నీ యెరుకలో నున్న చెప్పుము, అని నలుగురిలో అనగలవాడు మొదటి పౌరుషమునకు వారసుడు.

ఇంతకు సమీపకాలపు నిదర్శనము కూడ మనకు కలదు. 1921లో అడవిలో పసులు మేపుటకు పుల్లరి కట్టవలెనని దొరతనమువారు నిర్బంధించినప్పుడు, పల్నాటి రైతునకు ఆ మేత తప్పిన బ్రదుకు తప్పినట్లే. అతడు తన కష్టమును తన గడపలోపల పూడ్చిపెట్టుకొనలేదు. ఊరి కష్టముగా చేసెను, ఊళ్ల కష్టముగా చేసెను. మించాలపాటి కన్నెగంటి హనుమంతు ఆ పోరాటమున 1922లో పోలీసు కాల్పులకు ప్రాణమొసగెను. జీవనాధారమునకు కలిగిన హాని ఒక్కనిది కాదు, అందరిదియని నూరేండ్లకు పూర్వమే ఎరిగిన గడ్డ యిది. నేడు ఒక్కొక్క ఉద్యోగి ఒక్కొక్క గదిలో ఒంటరిగా కుములుట ఈ గడ్డకు తగినది కాదు.

దాచుటవలన పరువు నిలుచుటలేదు సరికదా, రావలసిన సొమ్ము కూడ పోవుచున్నది. ఈ సంగతిని మేము ముఖ్యముగా చెప్పదలచితిమి. 1947నాటి పారిశ్రామిక వివాదముల చట్టమునకు 1953లో జరిగిన సవరణవలన, ఏడాదికి తక్కువ కాకుండ ఎడతెగక పనిచేసిన కార్మికుని తొలగించునప్పుడు నెలదినముల నోటీసైనను, దానికి బదులు జీతమైనను ఈయవలెననియు, పనిచేసిన ఒక్కొక్క యేటికి 15 దినముల సగటు వేతనము పరిహారముగా చెల్లింపవలెననియు ఏర్పడినది. ఆ చట్టము స్థానమున 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధముల కోడ్ కూడ ఈ లెక్కను నిలిపినది. తొలగింపబడినవాడు క్రొత్తపని నేర్చుకొనుటకై మరి 15 దినముల వేతనమును యజమాని ప్రత్యేకనిధికి కట్టవలెనని చేర్చినది. ఇవిగాక గ్రాట్యుటీ కలదు, ప్రావిడెంటు ఫండు కలదు. ఇ.ఎస్.ఐ. బీమా గలవారు నిరుద్యోగకాలపు భృతి తమకు వర్తించునా యని ఆ కార్యాలయమున విచారింపవలెను. సిగ్గుచే మొగము చాటువేసినవాడు ఈ కాగితములలో ఒక్కదానినైనను అడుగడు. ఇష్టపూర్వకముగా మానుకొన్నట్లు వ్రాసి యిమ్మన్న, చదువకయే సంతకము చేసి వచ్చును. పిదప వకీలు చేయగలిగినది స్వల్పము. కావున నోటీసు అందిననాడే సంతకమునకు ముందు ఒక తెలిసినవానికి చూపుడు. జీతపు చీటీలు, నియామకపత్రము, ఫండు లెక్క, సేవా ధ్రువపత్రము ఒకచోట కట్టిపెట్టుకొనుడు. కాంట్రాక్టరుక్రింద పనిచేయువారికిని, కాగితము లేని కూలివారికిని ఈ రక్షణములు చాలవరకు అందుట లేదన్న మాట నిజము. వారి విషయమున చట్టమునకంటె సంఘమే దిక్కు.

జీతము పోయిన తరువాత మనుష్యునినుండి పోవు రెండవ వస్తువు కాలము. పనిలేనివానికి కాలము పుష్కలముగా మిగులునని మనము తలంతుము. అది పొరపాటని ఆస్ట్రియా దేశపు అనుభవము చెప్పుచున్నది. వియన్నా నగరమునకు సమీపమున మారియంటాల్ అను చిన్న ఊరు కలదు. ఆ ఊరంతయు ఒక్క బట్టల మిల్లుపై బ్రదుకుచుండెను. 1929-30లో ఆ మిల్లు మూతపడగా, మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అను పండితులు ఆ ఊరి స్థితిని పరిశీలించి 1933లో గ్రంథముగా ప్రకటించిరి. వారు కన్నదేమి? పురుషుల నడక మందగించినది. ఉదయమునుండి సాయంకాలమువరకు ఏమి చేసితిరని అడిగిన చెప్పుటకు వారికేమియు తోచలేదు. ఇంటిపని తప్పని స్త్రీలకు మాత్రము దినమునకొక రూపు నిలిచినది. అన్నిటికంటె వింత యేమనగా, చదువుకొనుటకు తీరిక పెరిగిన ఆ ఊరిలో గ్రంథాలయమునుండి పుస్తకములు తీసికొనుట దాదాపు సగమునకు పడిపోయినది. పఠనమందిరమున ఈ పత్రికను చదువుచున్న సోదరులు ఈ మాటను మరియొకమారు చదువగోరుచున్నాము. తీరిక దొరికినంతమాత్రమున మనస్సు పుస్తకముపై నిలువదు. గంట కొట్టువారు లేనప్పుడు దినము తనంతట తాను నడువదు.

కావున పని పోయినవానికి మేము చెప్పు మొదటి మాట: నీ గంటను నీవే కొట్టుకొనుము. పనికి పోవుచుండిన నాడు ఏ వేళకు లేచితివో ఆ వేళకే లెమ్ము. పూర్వాహ్ణమును పని వెదకుటకు కేటాయింపుము. అపరాహ్ణమును ఒక విద్య నేర్చుటకో, నేర్పుటకో యుంచుము. భార్య మిరపకోతకు పోయి కూలి తెచ్చుచుండగా, నీవు నీళ్లు పట్టి, అన్నము వండి, పిల్లలను బడికి పంపుట నీకు చిన్నతనము కాదు, ఇల్లు ఇద్దరిది. కొలువు పోయినది ఇల్లాలిదైన, భర్తకును అత్తమామలకును ఇదే న్యాయము. చేతికి వచ్చిన పరిహారపు సొమ్మును మొదట ఆరునెలల తిండికిని, అద్దెకును, బడిజీతములకును పంచి వ్రాసికొనుము. ఆ సొమ్ము చూచి ఉద్యోగమిప్పింతుమని వచ్చు దళారులు మెండు. ముందుగా రూకలడుగువాని కొలువు కొలువు కాదని గుర్తెరుగుము. అన్నిటికంటె ముందు, ఆ దినముననే, ఇంటివారికి నిజము చెప్పుము. చీకటి మరీ దట్టమై ప్రాణముపై విసుగు పుట్టినచో, అది జబ్బేగాని పిరికితనము కాదు. వైద్యునికి చెప్పుము, ప్రభుత్వమువారి టెలిమానస్ సంఖ్య 14416కు రాత్రియైనను పగలైనను మాటాడుము.

రెండవ మాట ఊరికి. పనిలేనివానికి ధైర్యము చెప్పుట సులభము; వానిని మునుపటివలెనే పిలుచుట కష్టము. ఇంకను దొరకలేదా యని ఎదురైనప్పుడెల్ల అడుగుట మానుకొనుడు. మీ దుకాణమునకు లెక్కవ్రాయువాడు కావలసినప్పుడు వానికి మొదట కబురంపుడు. పెండ్లి సంబంధము మాటాడునప్పుడు వరుని కొలువుతోపాటు, కష్టమున వాడెట్లు నిలిచెనో కూడ విచారింపుడు. కన్నబిడ్డకు అదియే పెద్ద పూచీ. చాపకూడు మన ముంగిట పుట్టిన యాచారము. కులభేదములెన్నక ఒక్క చాపపై నందరను కూర్చుండబెట్టిన బ్రహ్మనాయుని నేటికిని కారెంపూడి తిరునాళ్లలో తలంచుకొనుచున్నాము. కొలువున్నవాడు, కొలువు లేనివాడు అను క్రొత్త కులభేదము మన కండ్లయెదుట పుట్టుచున్నది. దానిని కూడ ఆ చాపపై కూర్చుండబెట్టిననే మన తలంపు సార్థకము.

మాటలతో విడువక ఒక పనిని సూచించుచున్నాము. నరసరావుపేట, మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల, సత్తెనపల్లి గ్రంథాలయములందు ఒక్కొక్క బల్లను, ఒక్కొక్క పుస్తకమును ఇందుకై ప్రత్యేకింపవలెను. పని కావలసినవాడు తనకు వచ్చిన విద్యను, పనివాడు కావలసినవాడు తన అక్కరను ఆ పుస్తకమున వ్రాయవలెను. ఆదివారమునాడు ఒక గంటసేపు ఒక వకీలో, కార్మికసంఘమువాడో, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడో, ఫండు లెక్కలెరిగిన గుమాస్తాయో ఆ బల్లయొద్ద కూర్చుండి కాగితములు చదివి పెట్టవలెను. దీనికి ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు, చందాలు వసూలుచేయ నక్కరలేదు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగువారు ఆంధ్రదేశ గ్రంథాలయసంఘమును స్థాపించిన నాటికి, ఊరూర పత్రిక చదివి వినిపించుటయే దేశసేవ. నేడు పరిహారపు చీటీని చదివి వినిపించుటయు అట్టి సేవయే.

ఆశ కడుపు నింపునా యని అడుగువారు కలరు. నింపదు. ఉపన్యాసపు ఆశ ఎన్నడును నింపదు. ఈ కారణముచేతనే యజమానులకును ప్రభుత్వమునకును ఒక మాట చెప్పవలసియున్నది. తొలగింపు తప్పనిసరియైన, ముందుగా చెప్పుడు, బాకీ నిలుపకుడు, మరల పనివారు కావలసివచ్చిన తొలగింపబడినవారినే ముందు పిలువుడు. కార్మికుని లేమికి మూలమైన లెక్కలను వానికి దాచి, ధైర్యముగా నుండుమని వానికి నీతులు చెప్పుట మర్యాద కాదు. ఇచ్చువారు ఇయ్యవలసినది ఇచ్చిననాడే ఆశను గూర్చి మాటాడుటకు మనకందరకు నోరు వచ్చును.

మేము చెప్పు ఆశ ఒక పని. ఉదయము వేళకు లేచుట ఆశ. నిజమును ఇంటిలో చెప్పుట ఆశ. రావలసిన రూపాయిని కాగితము చూపి అడుగుట ఆశ. పొరుగువాని తలుపు మూసియున్న, వాని పేరు పెట్టి పిలిచి, పఠనమందిరమునకు తోడుగా తీసికొనివచ్చుట ఆశ. సోదరులారా, ఈ పత్రికను మడిచి బల్లపై పెట్టిన పిమ్మట మీ వీథిలో కొన్నాళ్లుగా కనబడనివాడెవడో ఒక్కమారు తలంచుకొనుడు. రేపు ఉదయము వాని యింటికి పొండు. ఏమియు అడుగకుడు, వెంటబెట్టుకొని రండు.